కొర్రమట్టల మడుగు

ఎండలు ముదిరాయంటే లక్సెట్టిపేట దగ్గరి వాగు ధార తెగిపోయి ఇసుకలో అక్కడో మడుగు, ఇక్కడో మడుగుగా మిగిలేది. వాటిలో లోతైనది రాతిమడుగు. వానలు పడి వాగు మళ్లీ గోదావరిని కలిసేదాకా చేపలన్నీ అందులోనే తలదాచుకునేవి. అందుకే ఎండాకాలం పోయేదాకా అక్కడ వల వేయగూడదని ఊరి బెస్తవాళ్ల కట్టుబాటు. దాన్ని కనిపెట్టుకుని ఉండే పని మొండయ్యది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మొండయ్యకు చూపు మందగించింది. అప్పటినుంచి కూతురు అనసూర్య రోజూ పొద్దున్నే మడుగు చూసి వచ్చి చెప్పేది. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. తల్లి లేని ఇంట్లో తమ్ముడు రాయమల్లును పెంచింది ఆమే.

"రాళ్లకు నత్తలున్నయా బిడ్డా?"

"ఉన్నయి బాపు. రాయి తిర్గేస్తే కింద పురుగులు గూడ ఉరుకుతున్నయి."

"గట్లయితే నీళ్లు మంచిగున్నట్టే. ఇంకేం జూసినవ్?"

"నాచు పక్కన కొర్రమట్ట పిల్లలు. కుంకుమ సల్లినట్టు గుంపుగ తిరుగుతున్నయి. కింద తల్లి, తండ్రి కావలున్నయి."

మొండయ్య ముఖం విప్పారేది. ఆ రోజుకు అన్నం తృప్తిగా తినేవాడు.

బొగ్గుబావిలో పనిచేసే రాయమల్లు ఆ వేసవిలో సెలవు మీద వచ్చాడు. ఖానాపూర్ నుంచి పిల్ల తరపువాళ్లు అతనితో సంబంధం ఖాయం చేసుకోవడానికి రాబోతున్నారు. తండ్రి లేనప్పుడు అక్క పక్కన చేరాడు.

"అక్కా, వాళ్లకు మనింటి చాపల కూర తినిపియ్యకపోతే ఎట్ల? రాతిమడుగుల పెద్దది యాడుందో జర చూపియ్యవా?"

"బాపుకు తెలిస్తే?"

"ఒక్కటే అక్కా. గాలంతోని పడ్త."

పెళ్లికళ తొంగిచూస్తున్న ఆ ముఖం చూసి అనసూర్య కాదనలేకపోయింది. ఇద్దరూ మడుగు దగ్గరకు పోయారు.

"గా నేరేడు వేర్ల కింద చూడు. బుడగలు ఆగి ఆగి ఒక్క తీరుగ వస్తున్నయి. గదే పెద్దది," అంది. "ఎర్ర పిల్లల దిక్కు మాత్రం పోకు."

మర్నాడు పొద్దున ఆమె వాకిలి ఊడుస్తుండగా వాగువైపు నుంచి దడేలుమని చప్పుడయింది. గుడిసె తడిక అదిరింది. అనసూర్య చీపురు పడేసి ఉరికింది.

మడుగు నిండా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. పెద్దవి, చిన్నవి, పేరు లేని పిల్లలు. ఒడ్డున ఇసుకలో రాయమల్లు కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకే ఉంది.

"బాయిల బొగ్గు పేల్చే తూటా తెచ్చిన అక్కా. నీళ్లల్ల ముంచి ఇడిశేలోపట్నే పేలింది," అన్నాడు, ఇంకెవరికో జరిగినట్టు.

కొంగు చింపి కట్టి, ఎడ్లబండి మీద దవాఖానకు చేర్చారు. ప్రాణం దక్కింది. దొంగతనంగా తెచ్చిన తూటా కనుక ఉద్యోగం పోయింది. ఖానాపూర్ వాళ్లు సంగతి విని దారిలోనే వెనక్కి మళ్లారు.

ఆ సాయంత్రం మొండయ్య కూతురి భుజం పట్టుకుని మడుగు దగ్గరకు వచ్చాడు. వంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు. చచ్చిన చేపలు ఒకదాని వెంట ఒకటి వేళ్లకు తగులుతుంటే తడిమి పేర్లు చెప్పుకుంటూ పోయాడు. చివరికి అడిగాడు.

"ఎర్ర పిల్లలో?"

ఆయన చెయ్యి బయటికి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"జాగ నేనే చూపిన బాపు," అంది ఆమె ఏడుస్తూ.

మొండయ్య లేచి, "పోరడు దవాఖానల ఒక్కడే ఉన్నడు. పోదాం పా," అన్నాడు.

ఆ రాత్రి కొడుకు నోటికి గంజి తనే పట్టాడు.

చేపలు కుళ్లి మడుగు నల్లబడింది. గట్టున పోయేవాళ్లు ముక్కు మూసుకున్నారు. మొండయ్య మాత్రం రోజూ అడిగేవాడు: నత్తలున్నయా బిడ్డా? లేవు బాపు, అని ఆమె చెప్పేది. వానలకు వాగు పారి నీళ్లు తేటబడ్డాయి గాని రాళ్లు బోసిగానే ఉన్నాయి. చలికాలంలో మొండయ్య పోయాడు.

కర్మకాండ అయినాక రాయమల్లుకు ఖానాపూర్ అవతల ఎవరిదో మామిడితోట కాపలా దొరికింది. పెళ్లికొడుకుగా పోవలసిన ఆ దారినే మూట చంకన పెట్టుకుని బయల్దేరాడు. అనసూర్య బస్సుదాకా సాగనంపింది. బస్సు కనబడ్డాక అతడు ఆగాడు.

"అక్కా, గా దినం జాగ ఎందుకు చూపినవ్?"

గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"నువ్వడిగినవ్ గద తమ్మీ," అంది.

రాయమల్లు తల ఊపి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని బస్సెక్కాడు.