కంట్లో ఏ రాజ్యం?

"వ్యాజ్యమా! కోర్టులూ గీర్టులూ మనకెందుకు నాయనా?"

మా బావ తల్లి వేసిన కేకకి కంటాసుపత్రి వరండాలో ఉన్నవాళ్లంతా, రెండుకళ్లవాళ్లు రెండింటితోనూ, కట్టు కట్టినవాళ్లు ఒక్కదానితోనూ, మావైపు తిరిగారు.

నేనన్నది వ్యాజ్యం కాదు, రాజ్యం. "బావ కంట్లో దూరింది ఏ రాజ్యానిదో ముందు తేల్చమందాం" అని అక్కతో అన్నాను. పెద్దావిడ చెవిలో ఆ రాజ్యం కోర్టు మెట్లెక్కింది. నర్సు ఆ కబురు లోపలికి మోసింది. కాసేపటికి కళ్లడాక్టరు బిగుసుకుపోయిన మొహంతో బయటికొచ్చారు.

"మామీద కేసు వేస్తారట?"

"వెయ్యాల్సింది కేసు కాదండీ, సరైన మందు" అన్నాను. నేను కాలేజీలో జీవశాస్త్రం చెబుతానని, జీవుల్ని రాజ్యాలుగా పంచిపెట్టడమే నా కూటివిద్య అని విన్నవించుకున్నాను. జంతువులదొకటి, మొక్కలదొకటి, బూజులూ పుట్టగొడుగులదొకటి, బాక్టీరియాదొకటి. రాజులుండరు, పన్నులుండవు. కానీ ఒక రాజ్యాన్ని చంపే మందు ఇంకో రాజ్యంలో చెల్లదు.

"కంట్లోంచి గీకింది ల్యాబులో పెంచి చూశాం, ఏమీ పెరగలేదనే రిపోర్టు" అన్నారాయన. "అనుమానం తీరాలంటే వెళ్లి చూసుకోండి."

బావ వడ్రంగి. చిన్నప్పుడే ఎడమకన్ను పోయింది. ఇప్పుడు చెక్క చీలుస్తుంటే పేడు లేచి కుడికంట్లో కొట్టింది. బాక్టీరియాకని చుక్కల మందు వేస్తూనే ఉన్నారు, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పాకుతూనే ఉంది. మంచం మీద పడుకుని కూడా మనిషి హాస్యం మానలేదు. "రాజ్యాలు నువ్వేలుకో బావమరిదీ. నాకు రంపం కింద గీత కనిపిస్తే చాలు" అన్నాడు. అక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కన్ను పోతే ఇక రెండో కన్నంటూ లేదు.

కింద అంతస్తులో ల్యాబు. లాభం లేదని తెలిసినా ల్యాబు చూడకుండా ఉండలేను కదా, వెళ్లాను. అక్కడున్న టెక్నీషియన్ మర్యాదస్తుడే.

"ఏమీ పెరగలేదు మాస్టారూ. ప్లేటు మీద కాస్త బూజు పట్టింది, అంతే. అది గాల్లోంచి పడుతుంది."

"మరి ఏం చేశారు?"

"పారేశాం. బూజు కనిపిస్తే మూత తియ్యకుండా పారెయ్యాలి. లేకపోతే పక్క ప్లేట్లకి అంటుకుంటుంది. మొదట్నుంచీ ఇక్కడ అదే పద్ధతి."

"పారేసింది ఎక్కడుంది బాబూ?"

ఉడకబెట్టి పారెయ్యడానికి దాచిన బకెట్లో ఉంది. చేతికి తొడుగు వేసుకుని వెతికి తీశాడు. కంట్లోంచి గీకినదాన్ని, క్రిములకి మేత పోసిన ఆ ప్లేటు మీద నెలవంకల్లా గీతలు గీసి రాస్తారు. వెలుతురుకి పట్టుకున్నాం. ఒక్కో నెలవంక మీదా తెల్లటి దూది. మధ్యలో ఖాళీజాగా అద్దంలా శుభ్రంగా ఉంది.

"గాల్లోంచి పడ్డది ఇంత బుద్ధిగా వరసలో కూర్చుంటుందా?" అన్నాను.

అతను మూత తీశాడు. కొంచెం తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. దారాలు, దారాల్లో అడ్డగోడలు. బాక్టీరియాకి అంత కొంపా గోడూ ఉండదు.

"మా పద్ధతి..." అని ఆగిపోయాడు.

ఇద్దరం ప్లేటు పట్టుకుని మెట్లెక్కాం. మేమెక్కేసరికి బావ మంచం చుట్టూ జనం. దిండు తడిసింది. నల్లగుడ్డుకి చిల్లు పడి లోపలి నీరు కారిపోయింది, ఆ కన్ను ఇక పోయినట్టే. డాక్టరు కట్టు కడుతున్నారు. నావైపు చూడకుండానే ప్లేటు చూశారు.

ఆ మనిషిని మెచ్చుకోవాలి, తప్పించుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి, అక్క ఎదురుగా నిలబడి, అందరికీ వినబడేలా చెప్పారు. "పేడుతో పాటు లోపలికి వెళ్లింది బూజమ్మా. మేం బాక్టీరియా అనుకున్నాం. చెక్క దెబ్బ అని తెలిసీ నేను రిపోర్టునే నమ్మాను. బూజు ప్లేటు మీద పెరిగింది, గాలిదనుకుని పారేశారు. మేం వేసిన మందు దానికి నీళ్లతో సమానం."

"రెండూ పురుగులే కదండీ, ఒకదాని మందు ఇంకోదానికి పని చెయ్యదా?" అంది అక్క.

డాక్టరు నావైపు చూశారు. క్లాసులో గుక్కతిప్పుకోకుండా చెప్పే పాఠాన్ని అక్కకి ముక్కలు ముక్కలుగా చెప్పాను. "బాక్టీరియా మనకి ఏ వరసా కలవని పరాయిది అక్కా. బూజు అలా కాదు. మొక్కలకన్నా మనకే దగ్గర. దాయాది లాంటిది. దాన్ని చంపే మందు వేరే."

"అదన్నమాట!" అన్నాడు బావ కట్టు కిందనుంచి. "పరాయివాడు రాకుండా గుమ్మంలో కాపలా పెట్టారు. దాయాది లోపల విస్తరేసుకు కూర్చున్నాడు."

నాతో సహా ఎవరూ నవ్వలేదు. టెక్నీషియన్ చేతిలో ప్లేటు అలాగే ఉంది.

"ఆ వేరే మందు ఈ ఊళ్లో దొరకదా అండీ?" అంది అక్క.

"దొరుకుతుంది."

"ఎక్కడ?"

"కిందే" అన్నారు డాక్టరు. "మా మందుల షాపులోనే ఉందమ్మా."