అత్తగారు తొడిగిన మేజోళ్లు

ఆ ఇంటి కోడలిది పార్లర్‌లో జుట్టు కత్తిరించే పని. పొద్దస్తమానం నిలబడాలి. వచ్చినవాళ్లందరికీ అందం దిద్దే ఆ మనిషి తన కాళ్లను మాత్రం నడి ఎండాకాలంలో కూడా పాదాల దాకా కప్పుకునేది. పిక్కల మీద, మోకాళ్ల వెనక ఎరుపూ నీలమూ కలిసిన సన్నటి నరాలు సాలెగూడులా అల్లుకున్నాయి. నొప్పేమీ లేదు. కంటపడ్డప్పుడల్లా మనసు చివుక్కుమనేది, అంతే.

వైద్యం చేయించుకుంటానని భర్తతో అంటుండగా పక్కగదిలో ఉన్న అత్తగారి చెవిన పడింది. ఆవిడ నోటికి ఇంటిల్లిపాదీ జడుస్తారు. ‘ఈ వయసులో సోకులా?’ అంటుందని కోడలు ఊపిరి బిగబట్టింది.

“వెళ్దాం పద. నేనూ వస్తాను,” అంది అత్తగారు.

డాక్టరమ్మ ముందుగా లోపలి పెద్ద నరాలను స్కాన్ చేసి చూసింది. అవి బాగానే ఉన్నాయి. “ఇది అందం కోసం చేసేదేనమ్మా. చేయించుకోకపోయినా ప్రమాదం లేదు,” అని ఉన్నమాట చెప్పింది. కోడలు చేయించుకుంటానంది. వెంట్రుకంత సూదితో ఆ సన్న నరాల్లోకి మందు ఎక్కించారు. చీమ కుట్టినట్టు చురుక్కుమంది. కొన్నాళ్లు బిగుతు మేజోళ్లు వేసుకుని బాగా నడవమన్నారు.

తంటా అంతా ఆ మేజోళ్లతోనే వచ్చింది. మర్నాడు పొద్దున మంచం అంచున కూర్చుని ఎంత లాగినా మడమ దాటి రానంటాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు వచ్చి నేలమీద చతికిలబడింది.

“కాలు ఇలా పెట్టు.”

“అయ్యో, మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి అత్తయ్యా!”

“నీ కాళ్లెవరు పట్టుకున్నారు? మేజోడు పట్టుకున్నాను. కదలకు.”

మేజోడును మడమ దాకా తిరగేసి, పాదానికి తొడిగి, కొద్దికొద్దిగా పైకి జరిపింది. ఆనాటి నుంచి రోజూ అదే వరస.

వారం తిరిగేసరికి సూది పడ్డచోటల్లా కమిలి, కాళ్లు మునుపటికన్నా వికారంగా తయారయ్యాయి. “కొరివితో తల గోక్కున్నాను,” అని కోడలు బావురుమంది. అత్తగారు ఓదార్చలేదు. నేరుగా డాక్టరమ్మకే ఫోన్ చేసింది. కమలడం మామూలేనని, మెల్లగా తగ్గుతుందని ఆమె చెప్పింది.

“విన్నావుగా? లేచి ముఖం కడుక్కో.”

రెండు నెలలు గడిచేసరికి గీతలు చాలావరకు వెలిసిపోయాయి. మోకాలి వెనక ఒకటో రెండో మిగిలాయి. వాటిని కోడలు పట్టించుకోలేదు. మోకాళ్ల దాకా వచ్చే గౌను వేసుకుని అత్తగారి ముందు నిలబడింది.

“మీరు లేకపోతే మధ్యలోనే వదిలేసేదాన్ని అత్తయ్యా,” అంది.

అత్తగారు చూపు పక్కకి తిప్పుకుంది. “నీ వయసులో నా బుగ్గలనిండా నల్లటి మంగు మచ్చలుండేవి. మందు రాసుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు నేను. నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదనుకున్నాను.”

కోడలు ఆవిడను గట్టిగా వాటేసుకుంది.

“చాల్లే, ఊపిరాడటం లేదు,” అంది అత్తగారు, తానూ వదలకుండానే. “ఇంత ముస్తాబై ఇంట్లో కూర్చుంటావా ఏంటి? ఎండ చల్లబడింది. అలా నడిచొద్దాం పద.”

ఇద్దరూ వీధి చివరి దాకా వెళ్లారు. ఎన్నో ఏళ్ల తర్వాత పిక్కలకి గాలి తగిలి కోడలికి చక్కిలిగింతలు పెట్టినట్టయింది.