డోలుకు జోడు

నా భార్య గుర్వమ్మ పోయినప్పటి నుంచి నేను డోలు ముట్టలేదు. ముట్టమని అడిగినవాళ్లూ లేరు. నాకు జోడుగా వాయించే పరశురాములు జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీకి పోతున్నాడు. మా కులదేవుడు బీరప్ప పండుగకైనా వాయిద్దాం, షిఫ్టు మార్చుకొమ్మంటే సూపర్‌వైజరు ఒప్పుకోడన్నాడు. అడిగాడో లేదో నాకు అనుమానమే. గొర్రెలు కాసే మా కురుమల్లో ఒంటి డోలు వాయించరు. ఒక డోలు అడగాలి, ఇంకో డోలు చెప్పాలి.

నాకు జోడు లేని సంగతి విని సుస్మిత వచ్చింది. గుర్వమ్మ తమ్ముడు సాయిలు బిడ్డ. హైదరాబాదులో సంగీతం చదువుకుంది. సాయిలుతో నాకు మాటల్లేవు. గుర్వమ్మకు ఛాతీలో నొప్పి లేచిన రోజు కారు అడిగితే పెట్రోలు లేదన్నాడు. సాయంత్రం అదే కారులో పెళ్లికి పోయాడు. అది నేను మరచిపోను. పిల్లను మాత్రం గడప బయట నిలబెట్టలేకపోయాను. నవ్వితే అచ్చం మేనత్తే.

"మామా, నీ డోలుకు జోడు తెచ్చిన," అంది. సంచిలోంచి కంప్యూటరు, రెండు స్పీకర్లు తీసింది.

"దీనికి చేతులేవి?"

"చెవులున్నయ్, చాలు. నువ్వు కొట్టేది ఇంటది, అప్పటికప్పుడు జవాబు తనే కట్టుకుంటది. క్యాసెట్ కాదు మామా. ఏం కొడతదో నాక్కూడ ఎర్కలేదు."

"కొట్టేదానికి ఎర్క లేదు, కొట్టిచ్చేదానికి ఎర్క లేదు. మంచిగుంది."

డోలును ఎండలో పెట్టి తోలు బిగిశాక మెడకు తగిలించుకున్నాను. పిల్ల దాని అంచుకు చిన్న మైకు కట్టింది. నేను డోలుతో అడిగాను. యంత్రం చెప్పింది.

వచ్చింది డోలు మోత కాదు. హైవే మీద లారీ బ్రేకుల కీచు, నీళ్లు రాకముందు బోరు పైపు గాలి కక్కే చప్పుడు, మందలో గొర్రె మెడ గంట. ఈ చప్పుళ్లన్నీ సుస్మిత తిరిగి తిరిగి పట్టుకొచ్చి దానికి నేర్పిందట. అది వాటిని సాగదీసింది, ముక్కలు చేసింది, ఒకదాని మీద ఒకటి పేర్చింది. లెక్క మాత్రం నా లెక్కే. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఆ మాట పిల్లకు చెప్పలేదు.

తర్వాత మలుపులో నా కుడి మణికట్టు పట్టేసి ఒక దెబ్బ జారింది. యంత్రం జారలేదు. సరైన చోట సరైన దెబ్బ వేసి నిలబడింది. నేను తప్పానని గోడలకు కూడా తెలిసింది. డోలు దించాను.

"ఏమైంది మామా?"

"గిది జోడు కాదు, ఇన్‌స్పెక్టరు. తీస్కపో."

"కరెక్టే కొట్టింది గదా!"

"గదే దాని తప్పు."

మా మేళంలో ముందువాడు జారితే జోడువాడు అదే జారుడు మళ్లీ కొట్టాలి. అప్పుడది తప్పు కాదు, కొత్త మలుపు. ఇంట్లో సాధన చేసేటప్పుడు గుర్వమ్మ అన్నం గిన్నె మీద గరిటెతో ఆ పని చేసేది. ఒక్కనాడూ నన్ను పలుచన కానివ్వలేదు.

పిల్ల వాదించలేదు. "అయితే మళ్ల జారు మామా. అది నేర్చుకోవాలె."

"కావాలని జారుడు నాకు రాదు."

"కొట్టుకుంటనే ఉండు. అవే వస్తయ్."

వచ్చాయి. పండుగ దాకా రోజూ కూర్చుంది. నా ప్రతి జారుడునూ దానికి వినిపించింది.

"ఊరందరి ముందట గిది నన్ను పట్టిచ్చిందనుకో, డోలు అటకెక్కుతది. మళ్ల దిగదు," అన్నాను. ఊరికే అన్న మాట కాదు.

పండుగనాడు మధ్యాహ్నం బీరప్ప గుడి ముందు జనం మూగారు. మా కులపెద్ద కురుమయ్య స్పీకరు చుట్టూ తిరిగి చూశాడు. "ఏంరా ఐలేశం, జోడుకు కల్లు పొయ్యాలె గద. నోరెక్కడుందిరా దీనికి?"

అందరూ నవ్వారు. నేను దెబ్బ వేశాను. యంత్రం అందుకుంది. నవ్వు ఆగిపోయింది. గంటలు విని పిల్లలు గొర్రెల కోసం వెనక్కి తిరిగి చూశారు.

ఊపు పెరిగాక మణికట్టు పట్టేసింది. దెబ్బ జారింది.

యంత్రం నా జారుడును ఎత్తుకుంది. గంటతో ఒకసారి, బోరు గాలితో ఇంకోసారి కొట్టింది. అంతటితో ఊరుకోలేదు. దాన్ని చివర నుంచి మొదటికి తిప్పి నా ముందు పెట్టింది. ఇన్నేళ్లలో ఏ జోడూ నన్ను అలా అడగలేదు. పరశురాములుకు ఈ జన్మకు రాదు. నా చేతులు ఎన్నడూ కొట్టని జవాబు కొట్టాయి. అది మళ్లీ అడిగింది. నేను మళ్లీ చెప్పాను.

కురుమయ్య దగ్గరికి వచ్చాడు. "గా మలుపు యాడ నేర్చినవ్ రా?"

"గిప్పుడే."

సుస్మిత వైర్లు చుడుతుంటే దగ్గర నిలబడ్డాను. మంచి మాటలు నాకు చేతకావు. "వచ్చే ఏడు గూడ తేవాలె," అన్నాను.

ఆమె మేనత్తలా నవ్వింది. "తెస్త మామా. బాపు గూడ వస్తడట. గుడి ఎనక నిలబడి అంతా ఇన్నడు. నువ్వు జారినట్టే ఎర్కకాలేదట."

"దీన్ని తీస్కరా," అని కంప్యూటరు చూపించాను. "కల్లు గూడ పోస్త. మీ బాపుకు మాత్రం పెట్రోలు లేదని చెప్పు."