ఓడ దిగిన తాళి

చింతపండు గుజ్జులో నూనె తేలే దాకా పొయ్యి ముందు నుంచి కదలడానికి లేదు. కదిలితే అడుగంటుతుంది, అడుగంటితే ముందు గదిలో పడుకున్న అత్తగారు దేవకమ్మ ముక్కుకు ఇట్టే తెలిసిపోతుంది. పంకజాక్షి గరిటె తిప్పుతూనే కిటికీలోంచి ఎంత వెలుగు వచ్చిందో చూసుకుంటోంది. మొదటి మద్రాసు బస్సు అందుకోవాలి. అందుకునే లోగా దారికి పులిహోర కలపాలి, ఇంట్లో వాళ్ళకు మధ్యాహ్నం వంట చేసి మూతలు పెట్టాలి, అత్తగారికి కాఫీ ఇవ్వాలి.

"మీయమ్మను సూడబొయ్యే సంబరంలో మాకు మాడిన గుజ్జు పెట్టేవు" అని ఆ ముందు గదిలోంచి రావలసిన మాట రానే వచ్చింది.

సంబరమే. దాచుకునేదేముంది? పన్నెండేళ్ళ తర్వాత తల్లిని చూడబోతోంది. కానీ ఆ సంబరాన్ని తనివితీరా అనుభవించనివ్వకుండా కొన్నాళ్ళుగా ఒక సిగ్గు పంకజాక్షిని తినేస్తోంది. అదేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆమె పుట్టింది మలయాలో, ఒక రబ్బరు తోటలో. తండ్రి సత్యవేడు నుంచి పడుచువయసులో వెళ్ళి ఆ తోటలోనే గుమాస్తాగా స్థిరపడ్డాడు. పిల్లకు పదిహేడేళ్ళు రాగానే, సత్యవేడులో ఉన్న పిన్నమ్మ నాగులమ్మ తిరుపతి సంబంధం ఒకటి చూసింది. కూతురైనా మన పక్క బతుకుతుందని ఆయన సంతోషంగా ఓడెక్కించి తెచ్చి, పాత్రల అంగడి ఆదిమూలానికి ఇచ్చి పెళ్ళి చేసి, మళ్ళీ ఓడెక్కి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి పంకజాక్షికి ఇల్లూ అంగడీ ఒకటే అయ్యాయి. పొద్దున వంట, మధ్యాహ్నం మొగుడు కునుకు తీసే వేళ అంగట్లో కూర్చోవడం, సాయంత్రం చింతపండు పట్టించి ఇత్తడి బిందెలు తోమడం. ఆ మెరుపు చూసి కొనడానికొచ్చిన వాళ్ళు "నీ అంగడి సామానే వేరబ్బా" అంటే ఆదిమూలం "మా నాయన కాలం నించీ అంతేనప్పా" అని నవ్వేవాడు. ఆ నాయన ఏనాడూ బిందె తోమిన పాపాన పోలేదు.

మూడేళ్ళ కిందట తన నాయన పోయాడని మలయా నుంచి తంతి వచ్చింది. పోతానని అడిగింది. "నువ్వు పొయ్యేలోగా బూడిద కూడా మిగలదు. ఎందుకు దండగ?" అన్నాడు ఆదిమూలం. ఆ రోజే అంగడికి సరుకొచ్చింది. సరుకు దించిన వాళ్ళకు వడ్డిస్తూ ఏడిస్తే, "కూలోళ్ళ ముందర ఏందా ఏడుపు, లోపలికి పో" అంది అత్తగారు. లోపలికి వెళ్ళి ఏడ్చింది. తర్వాత బయటికొచ్చి మజ్జిగ పోసింది. నాయనకు తను చేసిన కర్మ అంతే.

ఇప్పుడు అమ్మ ఓడలో వస్తున్నానని కబురు చేసింది. మలయా పాస్‌పోర్టు మీద మూడు నెలలు ఉండనిస్తారట, కూతుర్ని చూసి, కొండకు పోయి దేవుణ్ణి చూసి వెళ్తానంది. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఆ తల్లి జ్ఞానాంబ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అంగడి పక్క గది అమ్మకానికి ఉంది, ఆదిమూలానికి దాని మీద కన్నుంది. మలయాలో బంగారం చవక. తెస్తే హార్బరులో పట్టుకుంటారు. పట్టుకోకుండా తెచ్చే దారి కూడా అతనే కనిపెట్టాడు.

"మెళ్ళో తాళి జోలికి యా కస్టమ్సోడూ రాడు. వాళ్ళకు మాత్రం అక్కసెల్లెండ్లు ఉండరా? లావుపాటి గొలుసు చేయించి, దానికి తాళిబొట్లు తగిలించుకోని దిగమని రాయి."

"మాయమ్మ తాళి తీసేసి మూడేండ్లాయె గదా" అంది పంకజాక్షి.

"ఆ ఓడలో ఎవరు సూడొచ్చినారే? ఇంత కుంకం పెట్టుకోని దిగమను. బయటికొచ్చినాక తుడిచేస్తే సరి" అంది దేవకమ్మ. పొద్దున్నే వీధిలో విధవరాలు ఎదురొస్తే ఇంట్లోకి తిరిగొచ్చి, మంచినీళ్ళు తాగి గాని మళ్ళీ గడప దాటని మనిషి ఆ మాట అంది!

రాయనని పంకజాక్షి ఒక పూట మొండికేసింది. "అట్లయితే మీయమ్మను రావద్దనే రాయి. మూడు నెలలు కూసోబెట్టి మేపేదానికి మాదేం సత్రమా?" అన్నాడు మొగుడు. రాయకపోతే అమ్మ కనబడదు. రాసింది. రాస్తున్నంతసేపూ, నాయన పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉండి తల ఎత్తలేకపోయింది.

మొగుడితో కలిసి మద్రాసు చేరేసరికి ఎండ ముదిరింది. హార్బరులో పొడుగాటి రేకుల షెడ్డు, ఎదురు రావడానికి వచ్చినవాళ్ళను బయటే ఆపేసే ఇనప కటకటాలు. లోపల రెండు బల్లలు. మొదటి దాని దగ్గర పాస్‌పోర్టు చూసి ముద్ర వేస్తున్నారు, రెండోదాని దగ్గర పెట్టెలు విప్పిస్తున్నారు. విహారానికి వచ్చిన తెల్లవాళ్ళు ముందు దిగారు. వాళ్ళ పెట్టెల మీద సుద్దముక్కతో గీత గీసి నవ్వుతూ పంపేశారు. ఆ తర్వాత మలయా నుంచి వచ్చిన మనవాళ్ళు దిగారు. వాళ్ళ పెట్టెల్లో మడత చీరలు కూడా దులిపి చూస్తున్నారు.

అమ్మ కనబడింది. వంకాయ రంగు నైలాను చీర, నుదుట రూపాయి కాసంత కుంకుమ, మెళ్ళో తాళి. మూడేళ్ళుగా పంకజాక్షి రోజూ మనసులో ఒక బోసి నుదుటిని చూసుకుని ఏడుస్తోంది. ఇప్పుడు, తనే రాసి చేయించిన పనేనని తెలిసి కూడా, ఆ కుంకుమ చూడగానే గుండె ఎగిరిపడింది. నాయన పోలేదు, ఆ తంతి అబద్ధం అనిపించింది. అమ్మ వెనకాల నాయన కోసం వెతికింది. అక్కడ ఎవరో చైనా ముసలాయన తన మూట సర్దుకుంటున్నాడు.

మొదటి బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరు అమ్మను ఏదో అడిగాడు. అమ్మ చెప్పింది, చెప్పి ఒక్కసారిగా కొంగుతో మొహం కప్పుకుంది. వరుసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. కాసేపటికి ఒక ప్యూను కటకటాల దగ్గరికొచ్చి "జ్ఞానాంబ కూతురు ఎవరు?" అని పిలిచాడు.

"నేను అల్లుణ్ణి" అని ముందుకొచ్చాడు ఆదిమూలం.

"కూతురొక్కతే రావాలంట."

ఆదిమూలం పెళ్ళాం చెవి దగ్గరికి వంగాడు. "ఏం రాసీమంటే అది రాసీ. నగ మాత్రం బయటికి రావాల. రాలేదా, మీయమ్మ మా ఇంటి గడప తొక్కే పని లేదు."

ప్యూను ఆమెను తీసుకెళ్ళింది ఆడవాళ్ళను తనిఖీ చేసే గదిలోకి. ఒక బెంచీ, ఒక బల్ల ఫ్యాను. అమ్మ బెంచీ మీద ఒదిగి కూర్చుని ఉంది. పక్కన కస్టమ్సు యూనిఫారం చీర కట్టిన ఒక నడివయసు ఆమె నిలబడి ఉంది. పన్నెండేళ్ళ తర్వాత తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు తాకింది ఆ గదిలో.

"ఎంత చిక్కిపోయినావే పాపా" అంది అమ్మ, తన సంగతి మర్చిపోయి.

ఉద్యోగం ఆమె వాళ్ళను కాసేపు ఏడవనిచ్చింది. "నా పేరు చంద్రకాంతమ్మ. మాది చిత్తూరే. అందుకే మీయమ్మను నాకప్పజెప్పినారు. మెళ్ళో తాళి చూసి, ముద్రేసే ఆయన మీ ఇంటాయన యాడమ్మా అనడిగితే, ఆయన పోయి మూడేండ్లాయెనని చెప్పేసింది. అందరూ విన్నారు. ఇంగ నేను వినలేదంటే కుదరదు గదా."

"సర్కారు మనిషి అడిగితే అబద్ధం నోటికి రాలేదే పాపా. తప్పు నాదే" అంది అమ్మ.

చంద్రకాంతమ్మ ఫ్యాను అమ్మ వైపు తిప్పింది. "సూడమ్మా, రెండే దార్లు. తిరిగిపొయ్యేటప్పుడు తీసుకపోతానని రాసిస్తే మెళ్ళో ఏసుకోనే పోవచ్చు. కానీ ఓడెక్కేనాడు అది మెళ్ళో లేకపోతే కేసు పెడతారు, ఓడ ఎక్కనియ్యరు. లేదా ఇప్పుడే ఈడ పెట్టి పోండి, పొయ్యేనాడు మీ సొమ్ము మీకిస్తాం."

"రాసిస్తానమ్మా, ఇట్లియ్యి" అని అమ్మ గబగబా చెయ్యి చాపింది. "కేసు పెడితే పెట్టనీ. ముసిల్దాన్ని, నన్నేం చేస్తారు? నా బిడ్డ కాపరం సల్లగుంటే సాలు."

పంకజాక్షి అప్పుడే ఆ తాళిబొట్లను దగ్గరగా చూసింది. ఒకదాని అంచు సొట్టబోయి ఉంది. చిన్నప్పుడు ఒడిలో పడుకుని తను కొరికి కొరికి చేసిన సొట్ట.

"అమ్మా, ఇవి..."

"మీ నాయన కట్టినవే. గొలుసు మాత్రమే కొత్తది. ఏరే బొట్లు చేయించుకునేదానికి మనసొప్పలేదే. పరాయి తాళి ఎట్లా ఏసుకునేది?" అమ్మ గొంతు తగ్గించింది. "నిన్న ఓడలో అద్దం ముందర నిలబడి నా చేత్తో నేనే ఏసుకున్నా. పక్క పడకామె మీ ఇంటాయన యాడమ్మా అంటే, కింద తరగతిలో ఉండాడని చెప్పినా. చెప్పినాక, నిజంగానే ఆయన కింద ఉండాడేమో అనిపించింది. మెట్ల దాకా పోయి తొంగి చూసొచ్చినానే పాపా."

నేనూ వెతికినానమ్మా అని పంకజాక్షి మనసులోనే అనుకుంది. లోకంలో ఎవరికైనా ఇంతకంటే పెద్ద ద్రోహం చెయ్యగలరా అనుకుంది. మొగుణ్ణి పోగొట్టుకున్న అమ్మ చేత నాయన్ని మళ్ళీ వెతికించింది తను. మొగుడు చెప్పాడని, అత్త చెప్పిందని, రాసిన చెయ్యి మాత్రం తనది. కటకటాల అవతల ఆదిమూలం అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. అంగడి పక్క గదిలో బీరువా ఎక్కడ పెట్టాలో ఈపాటికి లెక్క కట్టేసి ఉంటాడు.

లేచి అమ్మ వెనక్కి వెళ్ళి, జుట్టు పక్కకు తీసి, గొలుసు కొక్కెం విప్పింది. తీసి చంద్రకాంతమ్మ చేతిలో పెట్టింది. "ఈడే పెట్టుకోండి. పొయ్యేనాడు తీసుకుంటాం."

"వద్దే పాపా, నిన్ను బతకనియ్యరు" అంది అమ్మ. అంటూనే కొంగుతో నుదుటి కుంకుమ తుడుచుకోబోయింది.

పంకజాక్షి ఆ చెయ్యి పట్టుకుంది. "అది ఉండనీమ్మా. పుట్టినప్పట్నించీ పెట్టుకున్నదే గదా. నాయన తెచ్చిచ్చింది కాదు గదా."

చంద్రకాంతమ్మ కళ్ళు తుడుచుకుని, అమ్మ పెట్టె తెరవకుండానే దాని మీద సుద్దగీత గీసేసింది.

బయటికి రాగానే ఆదిమూలం కళ్ళు అత్తగారి మొహం దాకా పోలేదు, మెడ దగ్గరే ఆగిపోయాయి.

"యాడ?"

"లోపల. అమ్మ పొయ్యేనాడు ఇస్తారంట."

"రాసీమని చెప్పినాను గదే నీకు?"

"రాసిచ్చుంటే మీరు అమ్ముకుందురు. మాయమ్మ జైలుకు పొయ్యుండేది."

ఆదిమూలం చుట్టూ చూశాడు. హార్బరు వాకిట్లో జనం ఉన్నారు. అనవలసినవన్నీ ఇంటికి దాచుకున్నాడని పంకజాక్షికి తెలుసు. ముగ్గురూ బస్టాండుకు వచ్చారు. అతను ముందు నడిచాడు, పెట్టె మోసింది పంకజాక్షే. తిరుపతి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అతను ఎక్కి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసేసరికి పంకజాక్షి పక్కనున్న సత్యవేడు బస్సులోకి పెట్టె ఎక్కిస్తోంది. జ్ఞానాంబ అప్పటికే లోపల కూర్చుని ఉంది.

అతను దిగి పరుగున వచ్చాడు. "యాడికే?"

"మా పిన్నమ్మింటికి."

"ఎన్ని దినాలకు?"

పంకజాక్షి పెట్టె సీటు కిందికి నెట్టి, మెట్టు మీదికి వచ్చి నిలబడింది.

"ఇంట్లో అడిగితే మా అమ్మకు నేనేం చెప్పేది?" అన్నాడు. మొదటిసారి అతని గొంతులో కాస్త భయం వినబడింది.

పంకజాక్షి అతని వైపు నిదానంగా చూసింది. కోపం రాలేదు.

"మొగుడుండాడని మాయమ్మ ఒక దినం నాటకమాడింది. నేను పన్నెండేండ్లు ఆడినాను. ఇంగ ఇద్దరికీ సేతగాదంట అని చెప్పండి."