మాస్టారి అరడుగు

హాల్లో ఎవరూ నోరెత్తకూడదు. అది మాస్టారి మొదటి రూలు, ఆఖరి రూలు కూడా. "చూడండి, చెయ్యండి, అడగొద్దు" అని చేరిన రోజే మొహం మీద చెప్పేస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ లాండ్రీ పైనున్న హాల్లో కరాటే నేర్పుతున్నాడు. కింద బట్టలుతికే మెషిన్ల వేడికి చెక్కనేల ఏ కాలంలోనైనా గోరువెచ్చగా ఉంటుంది. మాస్టారు మాత్రం గోరువెచ్చగా ఉన్న రోజు ఒక్కటీ లేదు, ఎప్పుడూ సలసల కాగుతూనే ఉంటాడు. పిల్లలు చాటుగా కందిరీగ అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసి లోలోపల కాస్త మురిసిపోతాడు కూడా.

అలాంటి హాల్లో, అలాంటి మనిషి ముందు, ఒక ఆదివారం పొద్దున ఆయన సొంత మేనకోడలే నోరెత్తింది.

మేనకోడలంటే అక్క కూతురు. ముప్ఫై మూడేళ్ళది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. తొమ్మిదో ఏట నుంచి మావయ్య దగ్గరే నేర్చుకుని బ్లాక్ బెల్టు కట్టుకుంది, ఐదేళ్ళుగా చిన్నపిల్లల క్లాసు చూస్తోంది, కొత్త కటా మాత్రం మాస్టారే ముందు నిలబడి నేర్పుతాడు. ఇప్పుడు సొంతంగా నేర్పడానికి లైసెన్సు కావాలంటోంది. దరఖాస్తు మీద గురువు సంతకం ఉండాలి. నెలాఖరులోగా అది కరాటే సంఘానికి చేరకపోతే మళ్ళీ మూడేళ్ళు ఆగాలి. ఆ కాగితం పది రోజులుగా మాస్టారి సంచిలో నలుగుతోంది.

ఆ రోజు ఆయన మెట్లెక్కి వచ్చేసరికి మేనకోడలు పిల్లల చేత మూడో కటా చేయిస్తోంది. కటా అంటే గుద్దులూ తన్నులూ అడ్డుకోవడాలూ ఒక వరుసలో పేర్చిన సాధన. ఎదురుగా ఎవరూ ఉండరు, ఉన్నట్టు అనుకుని చెయ్యాలి. మూడోదాంట్లో కుడికాలి మీద వెనక్కి తిరిగే చోటొకటి ఉంది. పిల్లలు అక్కడ తేలిగ్గా, ఒక్క ఊపులో తిరిగేశారు. మాస్టారు నేర్పిన అరడుగు ఎవరూ వెయ్యలేదు. పైగా మేనకోడలు ముందు కాదు, వరుసల వెనక నిలబడి ఉంది.

"అరడుగేది?" అన్నాడు మాస్టారు గుమ్మంలోంచే.

"తీసేశాను మాస్టారూ. మడమ కొంచెం లేపి, ముందు కాలివేళ్ళు తిప్పి, ఆ తర్వాత నడుం తిప్పమన్నాను. వేళ్ళు ఎటు చూస్తే మోకాలూ అటే చూడాలన్నాను. పిల్లలు మోకాళ్ళు నొప్పులంటున్నారు."

"ఎవర్నడిగి తీసేశావు?"

"అడగకూడదు కదండీ."

వెనక వరుసలో ఎవడో కిసుక్కుమన్నాడు. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. "అద్దాలు అరగదీసుకునేదానివి, నా కళ్ళకి కూడా నంబరు చెప్తావా? నువ్వు ముక్కు చీదడం రాని రోజుల నుంచి నేర్పుతున్నాను. అది పాత పద్ధతి. అసలైంది. నీకు ముందూ ఉంది, నీ తర్వాతా ఉంటుంది."

"నాకు ముందు లేదు మాస్టారూ. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేదాకా మీరు అరడుగు వెయ్యకుండానే తిరిగేవాళ్ళు. నాకు బాగా గుర్తు."

"అసలైంది నేర్చుకునే తాహతు అప్పుడు మీకు లేదు. అందుకని చూపించలేదు."

అడ్డంగా బుకాయించడమంటే ఇదే. అసలు సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పంతొమ్మిదేళ్ళ కిందట పగలు బిల్డింగులకి రంగులు వెయ్యడం, సాయంత్రం కరాటే నేర్పడం ఆయన పని. ఒక రోజు పరంజా మీద కట్టు వదిలి రెండో అంతస్తు నుంచి కిందపడ్డాడు. కుడి మోకాలు లోపల ఏదో తెగింది. ఎవరికీ చెప్పలేదు. దూరంగా పెద్ద పని దొరికిందని అక్కకి కబురంపి, పక్క ఊళ్ళో ఆపరేషన్ చేయించుకుని, అక్కడే గది తీసుకుని మూడు నెలలు మంచం మీదున్నాడు. నొప్పి అనేది మనసులోనే ఉంటుందని శిష్యులకి లెక్చర్లిచ్చిన మనిషి, కుంటుకుంటూ వాళ్ళ ముందుకి ఎలా వస్తాడు? తిరిగొచ్చాక అన్నీ ఎలాగో చేశాడు గాని, మూడో కటాలో ఆ మలుపు దగ్గర మోకాలు మొరాయించింది. అందుకని మధ్యలో ఒక అరడుగు ఇరికించాడు. పాదం పక్కకి చదునుగా పెట్టి, ఈడ్చి, తర్వాత ఒళ్ళు తిప్పడం. శిష్యులు మొహమొహాలు చూసుకున్నారు. "ఇది పాత పద్ధతి" అన్నాడు. అడగొద్దన్న రూలుంది కాబట్టి ఎవరూ అడగలేదు. అక్కడితో అది శాస్త్రమైపోయింది.

ఇందులో ఇంకో తిరకాసుంది. పాదం ఈడ్చేటప్పుడు ఆయన బరువంతా ఎడమకాలి మీదికి తోసేస్తాడు. నొప్పి ఎక్కడ మొదలవుతుందో తెలిసిన ఒళ్ళు కనక దానంతటదే తప్పుకుంటుంది. చూసేవాళ్ళకి బరువు కనపడదు, పాదమే కనపడుతుంది. బాగున్న కాళ్ళతో అదే పని చేస్తే పాదం నేలకి అతుక్కుపోతుంది, ఒళ్ళు గిర్రున తిరుగుతుంది, మధ్యలో మోకాలు నలుగుతుంది. అది మాస్టారికి తెలియక కాదు. తెలిసే, ఏం కాదులే, కుర్రకాళ్ళు కదా అని పంతొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఇప్పుడు మేనకోడలి మాట నెగ్గితే తన కుంటి నడకని శాస్త్రమని అందరి నెత్తినా రుద్దాడని లోకమంతటికీ తెలుస్తుంది. అందుకే ఆ కాగితం సంచి దాటి బయటికి రావడం లేదు.

"ఇప్పుడే, వీళ్ళందరి ముందూ, తప్పు చెప్పానని ఒప్పుకో. సంతకం పెడతాను. లేదంటే ఇవాళ్టితో బెల్టు విప్పి అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాడు.

మేనకోడలు జవాబు చెప్పేలోపే మెట్ల మీద బూట్ల చప్పుడయింది. సిటీ బస్సు నడిపే డ్రైవరమ్మ, యూనిఫాం మీదే వచ్చింది. పక్కన పదేళ్ళ కూతురు. పొట్టిగా, బొద్దుగా ఉంటుందని హాల్లో అందరూ బుడంకాయ అంటారు. కుడి మోకాలికి పట్టీ ఉంది.

"మాస్టారూ, డాక్టరు దగ్గర్నించే వస్తున్నాం" అంది డ్రైవరమ్మ. కూతుర్ని బెంచీ మీద కూర్చోబెట్టింది గాని, కూర్చోమంటే తను కూర్చోలేదు. "మోకాలు మెలిపడిందట. నెల రోజులు గంతులెయ్యకూడదట. ఇలా తిరగమని ఎవరు నేర్పారమ్మా అని ఆ డాక్టరు నన్నడిగాడు. నేనేం చెప్పను? మీరే చెప్పండి."

మాస్టారు ఒక్క క్షణం నేలకేసి చూశాడు. తర్వాత చెయ్యెత్తి మేనకోడలి వైపు చూపించాడు.

"ఈవిడ. నాకు చెప్పకుండా పద్ధతి మార్చేసింది. మార్చిన తర్వాతే ఈ నొప్పులన్నీ."

మేనకోడలి మొహం పాలిపోయింది. "నొప్పులన్న తర్వాతే మార్చాను" అంది.

డ్రైవరమ్మ ఎవరి మాట వింటుంది? ఒకవైపు నెరిసిన తల, నలిగిపోయిన నల్ల బెల్టు. ఇంకోవైపు ఇంకా లైసెన్సు కూడా లేని పిల్ల. "మీ ప్రయోగాలకి నా కూతురే దొరికిందా?" అని మేనకోడలి మీద విరుచుకుపడింది. చేతకాకపోతే ఇంట్లో కూర్చోవాలంది, ఇంకా చాలా అంది. మేనకోడలు అన్నీ తలొంచుకుని వింది. మాస్టారికి అది హాయిగానే ఉంది. సిగ్గులేని మాటే, కానీ నిజం.

అంతా అయ్యాక మేనకోడలు తలెత్తింది. ఇన్నేళ్ళలో హాల్లో ఆయన్ని మీరు అని తప్ప పిలవలేదు.

"మావయ్యా, నీకు తెలుసు" అంది. "ఆ అరడుగు తప్పని నీకు తెలుసు. ఎందుకు చేస్తున్నావో నాకు తెలీదు గాని, నీకు తెలుసు."

"హాల్లో నన్ను మాస్టారను."

"ఒక్క పని చెయ్యి. తర్వాత నీ ఇష్టం, బెల్టు విప్పేస్తాను. నువ్వు ఇన్నేళ్ళూ మా ముందు నిలబడి, మాకు వీపు చూపించి నేర్పావు. మేం నీ వెనకాల చేసుకుంటూ పోయాం. ఒక్కసారీ వెనక్కి వచ్చి మేమేం చేస్తున్నామో చూడలేదు. ఇవాళ కుర్చీలో కూర్చో. వాళ్ళ చేత నీ పద్ధతే చేయించు. కళ్ళారా చూడు."

డ్రైవరమ్మ అక్కడే ఉంది. వద్దంటే భయపడ్డాడనుకుంటుంది. మాస్టారు గోడవార ఉన్న ఇనప కుర్చీని జరజరా లాక్కొచ్చి వరుసల వెనక వేసుకుని కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ హాల్లో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"మూడో కటా" అన్నాడు. "ఈవిడ చెప్పింది కాదు. నేను చేసినట్టు చెయ్యండి. అచ్చం నేను చేసినట్టు."

ఇరవై రెండు మంది కదిలారు. మొదట్లో బాగానే ఉంది. గుద్దులు సూటిగా పడుతున్నాయి, మోకాళ్ళు వంగి ఉన్నాయి, నడుములు దిగి ఉన్నాయి. ఫరవాలేదు, బాగానే నేర్పాను అనుకున్నాడు మాస్టారు. మేనకోడలి వైపు కొరకొరా చూశాడు.

మలుపు వచ్చింది.

ఇరవై రెండు మందీ కుడి అరచేతిని కుడి తొడ మీద పెట్టి నొక్కారు. పాదం పక్కకి ఈడ్చారు. ఈడుస్తూ, పళ్ళు బిగించి, గొంతులో "హ్మ్ఁ" అని మూలిగారు. అందరూ ఒకేసారి, ఒకే శ్రుతిలో. తిరిగి తర్వాతి గుద్దులోకి పోయారు.

మాస్టారికి కాసేపు ఏమీ అర్థం కాలేదు.

"ఆగండి. ఆ చెయ్యేంటి?"

మాట్లాడటం వాళ్ళకి నేర్పలేదు కదా. కుక్కిన పేనుల్లా నిలబడ్డారు. అప్పుడు బెంచీ మీదున్న బుడంకాయ, పట్టీ కట్టిన కాలు చాపుకుని, చెప్పింది.

"తొడ మీద చెయ్యి మాస్టారూ. మలుపు దగ్గర పెట్టాలి కదా. మీరు పెడతారు."

"ఆ చప్పుడు?"

"అదీ మీదే. హ్మ్ఁ అనాలి. నేను మొదట్లో మర్చిపోయేదాన్ని. ఇంట్లో అద్దం ముందు రోజూ ప్రాక్టీసు చేశాను."

తొడ మీద చెయ్యి వేసుకుంటున్నానని మాస్టారికి ఈ రోజు దాకా తెలియదు. మూలుగుతున్నాననీ తెలియదు. ఎవరికీ కనపడకుండా పంతొమ్మిదేళ్ళు దాచానని గర్వపడ్డ నొప్పి, ఇరవై రెండు ఒళ్ళలో ఎదురుగా నిలబడి ఉంది. ఒక్క వంకా లేకుండా, భక్తితో నేర్చుకున్నారు.

"అది కటాలోది కాదు" అన్నాడు. వంగి కుడికాలి పంట్లాం పైకి మడిచాడు. మోకాలి పక్కన జానెడు మచ్చ. "ఇదీ అది. పరంజా మీంచి పడ్డాను. తిరగలేక అరడుగు వేశాను. పాత పద్ధతీ కాదు, కొత్త పద్ధతీ కాదు. కుంటితనం."

డ్రైవరమ్మ వైపు తిరిగాడు. "మీ అమ్మాయి మోకాలు నా వల్ల పాడయిందమ్మా. ఈవిడ వల్ల కాదు."

"పది నిమిషాల కిందట ఈవిడ వల్లే అన్నారు."

"అబద్ధం చెప్పాను."

డ్రైవరమ్మ ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "బ్రేకు పట్టదని తెలిసి కూడా నేను జనాన్ని ఎక్కించుకుంటే నన్ను లోపలేస్తారు మాస్టారూ" అంది. మేనకోడలి దగ్గరికెళ్ళి, "తప్పయింది, ఏమీ అనుకోకమ్మా" అంది. కూతురి సంచి భుజాన వేసుకుంది.

మాస్టారు కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి, మేనకోడలికి అందించాడు. ఆమె మడతలు సరిచేసుకుంటూ తీసుకుంది.

"ఇది నాకు కావాలి, తీసుకుంటున్నాను. అమ్మకి మాత్రం చెప్తాను, ఎవరి మీదికి నెట్టావో" అంది. పిల్లల వైపు తిరిగి, "మొదట్నించి. చేతులు తొడల మీంచి తియ్యండి" అని వరుసల వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన కుర్చీని దాటుకునే వెళ్ళింది, మళ్ళీ చూడలేదు.

మాస్టారు గుమ్మం దాకా వచ్చాడు. మెట్లు సగం దిగాక ఒక మలుపుంది. తల్లి ముందు దిగిపోయింది. బుడంకాయ మలుపు దగ్గర ఆగి, తొడ మీద చెయ్యి వేసుకుని, "హ్మ్ఁ" అంది. ఈసారి ఆ పిల్ల కటా చెయ్యడం లేదు.

"అలా కాదమ్మా" అన్నాడు మాస్టారు పైనుంచి. "రెయిలింగు పట్టుకుని బరువు దాని మీద వెయ్యి. మడమ లేపు. ముందు వేళ్ళు తిప్పు. ఇప్పుడు నువ్వు తిరుగు."

బుడంకాయ అలాగే చేసింది. తేలిగ్గా తిరిగింది. ఆశ్చర్యంగా తలెత్తి చూసింది.

"ఇది మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"తెలుసు."

"మరి మాకు చెప్పలేదేం?"

అడగొద్దనే రూలు హాల్లో మాత్రమే. ఆ పిల్ల ఇప్పుడు హాల్లో లేదు, మెట్ల మీద నిలబడి జవాబు కోసం చూస్తోంది.