సంతలో అంబలి కుండ

సిరిసిల్లలో రైతుల సంత పెట్టారు. మా కోడలు సరోజన తంగళ్ళపల్లి నుంచి అంబలి పిండి పొట్లాలు తెచ్చి బల్ల మీద పేర్చింది. కోరుట్ల బస్టాండు దగ్గర హోటల్ నడిపే గంగాప్రసాద్, అంబలి రుచి చూసి నచ్చితే ఎండాకాలమంతా పిండి తీసుకుంటానని కబురు పెట్టాడు. అదొక్కటి కుదిరితే సరోజన బీడీలు చుట్టే చాట పక్కన పెట్టేస్తుంది. పొగాకు దుమ్ముకు ఆమె దగ్గే దగ్గు వినలేక ఇంటిల్లిపాదీ ఆయన కోసమే చూస్తున్నాం.

ఆయన వచ్చాడు. ఎండకు మొహం వంకాయలా కమిలింది. సరోజన సంబరంగా కుండ మూతిగుడ్డ విప్పి, గరిటె ముంచి, అట్లాగే నిలబడిపోయింది.

“మామా, గిది నూలుకు పెట్టే గంజి!” అంది నా చెవిలో.

నేనింకా చేతిమగ్గం వదల్లేదు. దారం తెగకుండా పెట్టే గంజి ఇంట్లోనే కాస్తాం. రెండు కుండలకూ ఒకే రకం గుడ్డ కట్టి ఉంటే, నా కొడుకు బాలకిషన్ చేతికందింది ఎత్తుకొచ్చాడు. అంబలేమో రాత్రంతా పులియాలి, అప్పటికప్పుడు కాచేది కాదు.

“ఏమయ్యా, సేటు పేగులకు గంజి పెట్టి మగ్గమెక్కిస్తవా?” అని సరోజన మొగుణ్ణి మెల్లగా కసిరింది. వాడు బండెక్కి అంబలి కుండ కోసం ఇంటికి ఉరికాడు.

గంజికీ అంబలికీ తేడా తెలియని ఇంటి పిండి ఎవరు కొంటారు? గంగాప్రసాద్ గడియారం చూసుకున్నాడు. ఇక నేను నోరు విప్పక తప్పలేదు.

“సేటూ, గీ అంబలి ఊకెనే తాగద్దు. ముందుగాల దాని ముచ్చట ఇనాలె. మా తాత ఓ గిలాస తాగి మగ్గం మీద కూసుంటే దిగుడే మరిచిండు. నేసుకుంట నేసుకుంట పోతే, చీర మొదలు తంగళ్ళపల్లిల, కొంగు వేములాడల! జాతరకు పోయెటోళ్లు దాని మీదికెళ్లే నడిచిర్రు.”

“గంత చీర ఎవరు కట్టుకున్నరు పెద్దయ్యా?”

“మా నాయనమ్మ. ఆమె కుచ్చిళ్లు పోసుకునుడు అయ్యేసరికి మా నాయిన పెండ్లీడుకచ్చిండు!”

గంగాప్రసాద్ పడీపడీ నవ్వాడు. పక్క బల్ల మీద మామిడి తాండ్ర అమ్ముతున్న జగిత్యాల భూదేవి కూడా నవ్వుతూ ఆయన చేతిలో ఓ ముక్క పెట్టింది. అది చప్పరిస్తూ ఇంకొంచెంసేపు కూర్చున్నాడు.

ఇంతలో బాలకిషన్ దిగాడు. కుండను తువాలుతో కడుపుకు కట్టుకుని, నెలలు నిండిన మనిషిలా నడిచి వచ్చాడు. సరోజన ముందు వాసన చూసింది. తర్వాత మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ ముక్కలేసి ఇచ్చింది.

గంగాప్రసాద్ గిలాస ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

“పెద్దయ్య చెప్పినంత లేదు.”

సరోజన చేతిలో గరిటె ఆగిపోయింది.

“గాని మా కోరుట్లోళ్లు ఇడువరు. ఐతారం సంది పిండి పంపుర్రి. ఇంకో గిలాస పొయ్యి బిడ్డా.”

ఆయన బస్సుకు కదిలాక సరోజన బల్ల పక్కన చతికిలబడింది. నవ్వబోతే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వింది.

“నాకింత పొయ్యిర్రి. పొద్దటి సంది మంచినీళ్లు సుత గొంతు దిగలే.”

బాలకిషన్ గిలాస నిండా పోశాడు. ఆమె కళ్లు మూసుకుని, నిదానంగా చివరి గుక్క దాకా తాగింది.