నలభై ఒకటో లైను

1988. మా ఆవిడ మున్నీబీ పోయాక చేసే మూడోరోజు ఫాతెహా అయిన మర్నాడే పెనుకొండలో బస్సెక్కి హిందూపురం మిల్లుకు వెళ్లాను. ఆమె కూడా అక్కడే పనిచేసేది. పనివాళ్ల పేర్లన్నీ నేను రాసిన ప్రోగ్రాంలోనే ఉన్నాయి. ఆమె పేరు నేనే తీసేయాలి.

"వీఐ అని కొత్త ఎడిటర్ వచ్చిండాది కదప్పా దాదాపీరూ" అన్నాడు ఆఫీసులో నా పక్కసీటు సుంకప్ప. "పేర్లన్నీ స్క్రీన్ మీద కనపడతాయి. ఇంకా ఆ పాత ఈడీ ఎడిటర్ ఎందుకు?"

"కనపడకూడదనే. నీ పని చూసుకోప్పా."

ఈడీలో అడిగితే తప్ప ఏ లైనూ కనపడదు. ఆమె పేరున్న నలభై ఒకటో లైను తీసేయమని కొట్టాను. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. నాకూ ఏమీ అనిపించలేదు.

పోయిందో లేదోనని నలభై ఒకటో లైను చూపమన్నాను.

ఆ చోట అప్పుడే కింది లైనులోని ఉలిగమ్మ ఉంది.